మత్తు వద్దన్న వంశం

మా ఇంట్లో మగవాళ్ళు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చునేవారు కాదు. ఆ నియమం ఎవరు పెట్టారో తెలియదు. నాన్నగారు ఆనేవారు కాదు, ఆయన్ని చూసి నేనూ ఆనలేదు. తాతగారి టేకు కుర్చీ ఇప్పటికీ నా దగ్గరుంది. కూర్చునే చోట పేము రెండుసార్లు తీయించి కొత్తది అల్లించాం. వీపు వైపు పేము మాత్రం కుర్చీ చేసిన నాటిదే. ఎక్కడా సాగలేదు, తెగలేదు. చూడవచ్చినవాళ్ళకి నాన్నగారు ఆ పేము చూపించేవారు.

ఈ అలవాటు వల్లనే, ఎనభైల మధ్యలో నా వీపు మీద కురుపు లేచిన సంగతి నేను చాలా రోజులు పట్టించుకోలేదు. ఆనుకుని కూర్చునే మనిషికైతే రెండో రోజే తెలిసేది. పక్కకి తిరిగి పడుకోవడం, నిటారుగా కూర్చోవడం నాకు ఎలాగూ అలవాటే. చెయ్యి అందని చోటు. కాస్త జ్వరంగా ఉండేది, దాహంగా ఉండేది. వయసు యాభైకి వచ్చింది కదా, అలసట అనుకున్నాను. చివరికి చొక్కాకి అంటిన మరక నా భార్య కంటబడింది.

"ఏవండీ, ఇటు తిరగండి. ఇదేవిటి?"

"చెమట కురుపు."

"చెమట కురుపుకి ఇన్ని నోళ్ళుంటాయా? ఎన్నాళ్ళయింది?"

ఎన్నాళ్ళయిందో నాకూ తెలియదు.

ఊళ్ళో దాన్ని రాచపుండు అంటారు, క్యాన్సరు కాదు, చాలా నోళ్ళున్న చీముగడ్డ. షుగరున్నవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. నాకు షుగరున్నట్టు అప్పటిదాకా తెలియదు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, నా మూత్రం చుక్కలు వేసి దీపం మీద కాచారు. నీలం ఇటుక రంగుకి తిరిగింది. సర్జన్ గారు ఆ గొట్టాన్ని వెలుతురుకి పట్టి చూపించి, "ముందు ఇది దింపాలి, ఆ తరవాత అది కొయ్యాలి. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు" అన్నారు. మామూలు గొంతుతోనే అన్నారు.

ఆయన నర్సింగ్ హోము ఉన్న మేడ ఒకప్పుడు మాది. యానాంలో ఏటి వైపు వెళ్ళే వీధిలో, ఎత్తరుగులు, ఆకుపచ్చ రెక్కల కిటికీలు. ఫ్రెంచి వాళ్ళ రోజుల్లో తాతగారు దాని పెద్ద హాల్లో కూర్చుని తగవులు తీర్చేవారు. నాన్నగారి చేతుల మీదుగా మేడ పోయింది. ఎలా పోయిందో చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. మేం మెట్టకూరు వైపు రెండు గదుల పెంకుటింట్లో ఉంటున్నాం, నేనూ, నా భార్యా, నాన్నగారి చెల్లెలు మా మేనత్తా. మేడ చేతులు మారాక నేను ఆ వీధిలో నడవడం కూడా మానుకున్నాను. అలాంటిది ఆ గుమ్మంలోకే వెళ్ళవలసి వచ్చింది. గుమ్మంలో ఆయా చెప్పులు బయట విడవమంది. ఆవిడది దరియాలతిప్ప. ఆవిడ తల్లి తట్టలో చేపలు తెచ్చి మా పెరటి గుమ్మం దగ్గర దింపేది. నన్ను గుర్తుపట్టి తల దించుకుని, "మీరా బాబుగారండి. అయినా చెప్పులు మాత్రం ఇడవాలండి, ఆయ్" అంది.

సర్జన్ గారు ఆపరేషన్ గురువారం అన్నారు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ వారానికి రెండు రోజులు కాకినాడ నుంచి బస్సులో వస్తారట, సోమవారమూ గురువారమూ.

"మత్తు అక్కర్లేదండి. మా ఇంట్లో ఆ అలవాటు లేదు" అన్నాను.

ఆయన కలం ఆపి నా వైపు చూశారు. అప్పుడు మా తాతగారి కథ చెప్పాను. చిన్నప్పటి నుంచి విన్న మాటల్లోనే చెప్పాను. తాతగారికీ వీపు మీదే రాచపుండు లేచింది. ఫ్రెంచి దొర డాక్టరు వచ్చి, సీసా తీసి గుడ్డ మీద క్లోరోఫారం చుక్కలు పోయబోతే తాతగారు చేత్తో పక్కకి తోశారు. ఆ టేకు కుర్చీనే తెప్పించి, వెనక్కి తిరిగి కాళ్ళు చెరోవైపు వేసి, వీపు దొరకి అప్పగించి కూర్చున్నారు. కోసినంతసేపూ హాల్లో గోడ గడియారం చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. అయిపోయాక దొర టోపీ తీసి తల వంచాడు. కోసేటప్పుడు టోపీ ఎందుకు పెట్టుకున్నాడని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

సర్జన్ గారు అంతా విని, "బాగుందండి. సోమవారం ఆవిడ వస్తారు కదా, ఆవిడకి చెప్పండి" అని తరవాతి మనిషిని పిలిచారు.

అసలు సంగతి ఇప్పుడు రాయడానికి నాకు సిగ్గు లేదు. నొప్పి భరించగలనన్న ధీమా ఏమీ లేదు నాకు. స్పృహ లేకుండా, నోరు తెరుచుకుని, మా హాల్లో, మా చేపల మనిషి కూతురి ముందు పడి ఉండడం నాకు ఇష్టం లేదు. పైగా మత్తులో మనిషి ఏవేవో వాగుతాడని విన్నాను. నా దగ్గర మిగిలింది నోరు మూసుకుని ఉండడం ఒక్కటే. ఊళ్ళో నన్ను చూసి ఇంకా లేచి నిలబడే నలుగురైదుగురూ దానికే నిలబడేవారు.

సోమవారం ఆవిడ వచ్చారు. ముప్ఫై దాటి ఉంటాయేమో. పొట్టి మనిషి, చేతిలో గొడుగు, భుజానికి సంచీ, సంచీలో టిఫిను క్యారియరు. ముందు నా నాడి చూశారు, ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నారు, బీపీ చూశారు, మెడ వెనక్కి వంచమన్నారు, నోరు తెరవమన్నారు. పళ్ళు కూడా కదిపి చూశారు.

"మందు అలవాటుందాండీ? యానాంలో ఈ ప్రశ్న అడిగితే ఎవరూ ఉందని చెప్పరు, అయినా అడగాలి."

"రాత్రి భోజనం ముందు కొద్దిగా."

"కొద్దిగా అంటే?"

చెప్పాను. ఆవిడ దానికి రెట్టింపు రాసుకోవడం కాగితం మీద తలకిందులుగా కనబడింది. నిజానికి అదే సరైన లెక్క.

"సర్జన్ గారు చెప్పారండి, మత్తు వద్దంటున్నారట. ఆ కథేదో నాకూ చెప్పండి."

చెప్పాను. ఆవిడ మధ్యలో నవ్వలేదు. దొర టోపీ తీసిన చోట మాత్రం కాస్త కనుబొమలెత్తారు.

"మీ తాతగారు నోరు మూసుకున్నారు, కాదనను. గుండె నోరు మూసుకుంటుందాండీ?" అన్నారు. "కత్తి పడగానే ఒంటికి శత్రువు వచ్చినట్టే లెక్క. మీరు కదలకపోయినా లోపల అంతా పరుగే. గుండె రెట్టింపు కొట్టుకుంటుంది, రక్తనాళాలు బిగుసుకుపోతాయి. బిగిసిన గొట్టాల్లోంచి రక్తం తోయాలంటే గుండెకి ఇంకా చాకిరీ. దాని తిండి దానికే చాలదు. మూత్రపిండాలకి వెళ్ళే రక్తం తగ్గిపోతుంది. షుగరు ఇంకా ఎక్కేస్తుంది. అరిచినవాడికీ ఇంతే, అరవనివాడికీ ఇంతే. అరవనివాడి సంగతి బయటికి తెలీదు, అదొక్కటే తేడా."

"మత్తు ఇస్తే?"

"ఆ పరుగు ఆగుతుందండి. నాళాలు వదులవుతాయి, గుండె నెమ్మదిస్తుంది, దాని ప్రాణవాయువు అవసరం తగ్గుతుంది. ఉన్నదాంతో సర్దుకుంటుంది. అలాగని మత్తు మంచిదే, ఎంతయినా పీల్చమని కాదు. ఎక్కువైతే బీపీ పడిపోతుంది, అప్పుడూ మూత్రపిండాలకే దెబ్బ. అందుకే చేతి కింద నాడి పట్టుకుని కూర్చుంటాను. నిద్రపుచ్చడం నా పనిలో చిన్న ముక్కండి. మిగతాదంతా కాపలా." స్టెతస్కోపు మెడలోంచి తీసి, "ఆ గాలిమందు పీల్చిన గుండెకి కొంతసేపు తట్టుకునే బలం కూడా వస్తుందని ఈ మధ్య కొందరు అంటున్నారు. నిజమో కాదో నేను తేల్చి చెప్పలేను. తేలనిదాన్ని మీకు ఆశపెట్టి అమ్మను" అన్నారు.

నేను అప్పటికీ ఒప్పుకోలేదు. మా రక్తం వేరు అన్నట్టు ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తుంది గానీ రాయను.

ఆవిడ స్టెతస్కోపు చుట్టి సంచీలో పెట్టుకుంటూ, "మీ తాతగారు ఆ తరవాత ఎన్నాళ్ళున్నారండీ?" అని అడిగారు.

ఈ కథ నేను కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాను. కత్తి ఎంత పొడుగు అని అడిగినవాళ్ళున్నారు, దొర పేరేమిటని అడిగినవాళ్ళున్నారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను కూడా నాన్నగారిని అడగలేదు.

"కనుక్కుని గురువారం చెప్పండి. మత్తు వద్దంటే నేను బలవంతం చెయ్యను. కానీ మత్తు లేకుండా సర్జన్ గారు కత్తి పట్టరు. అది కూడా ఆలోచించుకోండి" అని గొడుగు తీసుకుని వెళ్ళారు.

ఇంటికి వచ్చేసరికి మేనత్త గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అప్పటికి డెబ్బై నిండాయి. తాతగారు పోయేనాటికి ఆవిడకి తొమ్మిదో పదో. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళలో బతికున్నది ఆవిడ ఒక్కతే.

"అత్తయ్యా, తాతగారికి పుండు కోశాక ఎన్నాళ్ళు బతికారు?"

ఆవిడ చెయ్యి ఆగలేదు. గింజ తీసి పక్కన పడేసి, "తొమ్మిదో రోజున పోయాడు" అంది.

"పుండు మానలేదా?"

"పుండు సంగతి ఎవరు చూశార్రా. మూడో రోజు నుంచి ఒంటికి వెళ్ళలేదు. చెంబులు చెంబులు నీళ్ళు తాగేవాడు, చుక్క బయటికి రాలేదు. మొహం వాచిపోయింది, కాళ్ళు వాచిపోయాయి. ఆఖరికి ఎవర్నీ పోల్చుకోలేదు. మా అమ్మని పట్టుకుని నువ్వెవరని అడిగాడు. ఆవిడకి అప్పటికి ముప్ఫై నిండలేదు."

"మరి అరవలేదంటారు కదా, అదైనా నిజమేనా?"

"అరవలేదు. ఆ మాట అబద్ధం కాదు. గుడ్డలు అందించింది నేనే. పళ్ళు నూరిన చప్పుడు గుమ్మం దాకా వినబడింది. నెత్తురు కంటే చెమటే ఎక్కువ కారింది."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగార్రా? మీ నాన్న కథ దొర టోపీ దగ్గర ఆపేసేవాడు. ఒకసారి నేను ఆ పైన చెప్పబోతే కంచం ముందు నుంచి లేచిపోయాడు. అన్నయ్యకి అప్పుడు పన్నెండేళ్ళురా. తండ్రి పోయాడు, చుట్టూ అందరూ పీక్కు తినేవాళ్ళే. చెప్పుకోవడానికి అదొక్కటే మిగిలింది. పోనీలే అని ఊరుకున్నాను."

నా భార్య లోపల పొయ్యి దగ్గర ఉంది. వింటోందని నాకు తెలుసు. కాసేపటికి బయటికి వచ్చి, "మీ అమ్మగారు ఈ కథ ఒక్కసారైనా చెప్పగా విన్నారా?" అంది. వినలేదు. నాన్నగారు మొదలుపెట్టగానే అమ్మ లేచి వెళ్ళిపోయేది. పని ఉండి అనుకునేవాణ్ణి.

"మీరు ఆ కుర్చీ తిప్పుకుని కూర్చుంటే నేను గుడ్డలు అందించను. ముందే చెబుతున్నాను" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పెద్దగా ఆలోచించిందేమీ లేదు. వీపు సలుపుతోంది. నాన్నగారి చేతకానితనం వల్ల మేడ పోయిందని నేను నలభై ఏళ్ళు లోలోపల ఆయన్ని తప్పుపడుతూ వచ్చాను. పన్నెండేళ్ళ పిల్లవాడు మేడ ఎలా నిలబెడతాడు? అది మేం గొప్పగా చెప్పుకునే ఆ రోజునే పోయింది. ఇంత చిన్న లెక్క నాకు యాభై ఏళ్ళకి గాని అందలేదు. అంతకు మించి ఆలోచించే శక్తి లేక నిద్రపోయాను.

గురువారం డాక్టరమ్మకి చెప్పాను. తొమ్మిదో రోజు అన్నాను. మూత్రం ఆగిపోయిన సంగతి చెప్పాను.

ఆవిడ గెలిచినట్టు మొహం పెట్టలేదు. "అది మత్తు లేకపోవడం వల్లేనని నేను అననండి. చీము విషం రక్తంలోకి ఎక్కి ఉంటుంది. ఆ రోజుల్లో దానికి మందు లేదు. ఏం చేసినా పోయేవారేమో. కానీ అప్పటికే మునిగిపోతున్న ఒంటి మీద ఆ బరువు కూడా ఎందుకండీ పెట్టడం?" అన్నారు.

"ఒక మాట. మత్తులో వాగుతారా?"

"దిగేటప్పుడు కొందరు వాగుతారు. అవన్నీ నా టిఫిను క్యారియరులో పెట్టుకుని కాకినాడ పట్టుకుపోతాను. ఏట్లో పారేస్తానో, ఇంట్లో దాచుకుంటానో, మీకు అనవసరం."

కాగితం మీద సంతకం పెట్టాను.

థియేటరు మా పెద్ద హాలే. మధ్యకి చెక్క గోడ కట్టి, సున్నం వేసి, పైన పెద్ద దీపం వేలాడదీశారు. వీపు ఆనకూడదు కనక నన్ను పక్కకి తిప్పి పడుకోబెట్టారు. ఎదురుగా గోడకి ఒక మేకు. గడియారం వేలాడిన మేకు అది. నాలుగుసార్లు సున్నం వేసినా తీయలేదు. ఆవిడ నా తల దగ్గర కూర్చుని కణత మీద వేలు పెట్టారు. వేలు చల్లగా ఉంది. చేతికి సూది పడింది, మొహం మీదికి రబ్బరు మాస్కు వచ్చింది, తియ్యటి వాసన. "అంకెలు లెక్కపెట్టండి బాబుగారూ" అన్నారు. ఆరు దాకా గుర్తుంది. మేకు చుట్టూ గోడ మెత్తబడింది. చిన్నప్పుడు తప్ప ఎవరూ నన్ను అలా పడుకోబెట్టి తల దగ్గర కూర్చోలేదు. మిగతాది నేను చూడలేదు, వినలేదు, భరించలేదు.

మెలకువ వచ్చేసరికి గొంతు మండుతోంది. రెండుసార్లు వాంతి అయింది. ఆయా బేసిను పట్టుకుని ఉంది.

"ఏమైనా వాగానా?" అని అడిగాను.

"ఆయ్, బాగానే మాట్టాడేరండి."

"ఏవిటన్నాను?"

"డాక్టరమ్మగారు నిలబడే ఉన్నారు, ఎవరూ కుర్చీ ఎయ్యరేంటి, ఇదేం కొంప అని కేకలేసేరండి. నన్నూ తిట్టేరండి. మా అమ్మ పేరెట్టి తిట్టేరండి." ఆవిడ నవ్వు ఆపుకుంటోంది. "నేను పరిగెట్టి కుర్చీ తెచ్చి ఏసేదాకా ఊరుకోలేదండి. ఆవిడ కూచున్నారండి పాపం, మీ కోసం."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. అంతకంటే చెడ్డ మాటలు లోపల చాలా ఉన్నాయి. ఇది వచ్చినందుకు ఒక రకంగా ఊరట.

డాక్టరమ్మ మామూలుగా మూడింటి బస్సుకి వెళ్ళిపోతారు. ఆ రోజు మూడు దాటినా నా గది బయట బల్ల మీద కూర్చునే ఉన్నారు. గంటకోసారి లోపలికి వచ్చి మంచం కింద ఉన్న గాజు సీసా వైపు చూసేవారు. సీసా ఖాళీగా ఉండేది. నేను నా వంతు ప్రయత్నం చేశాను. రాలేదు. సెలైను చుక్కలు లోపలికి పోతూనే ఉన్నాయి, బయటికి ఏమీ లేదు. నా భార్య సీసా వైపు చూడకుండా కిటికీలోంచి ఏటి వైపు చూస్తూ కూర్చుంది. మేనత్త రాలేదు. ఉన్న చోటునే పొద్దుటి నుంచి ఏమీ తినకుండా కూర్చుందని తరవాత తెలిసింది.

"మీ బస్సు పోయింది కదండీ" అన్నాను డాక్టరమ్మతో.

"నాలుగున్నరకి ఇంకోటుందండి."

"అది కూడా పోతే?"

"అప్పుడు మీ హాల్లో కుర్చీ ఎలాగూ వేయించారుగా."

నాలుగు దాటాక వచ్చింది. ముందు కొద్దిగా, తరవాత ఆగకుండా. ఆయా సీసా అందుకుని కిటికీ వెలుతురుకి పట్టి గీతలు చూసింది. నన్ను అడగకుండా, గుమ్మం దాటి రెండు గదుల అవతలికి వినబడేలా, "డాక్టరమ్మగారండీ, బాబుగారు పోసేరండి, సగం సీసా దాటిందండి" అని చెప్పింది. తాతగారు తగవులు తీర్చిన ఇంట్లో, వరండాలో ఓపీకి వచ్చి కూర్చున్న జనం అంతా విన్నారు. ఒకాయన తలుపు లోంచి తొంగి చూశాడు కూడా.

డాక్టరమ్మ సీసా చూశారు, రంగు చూశారు, కాగితం మీద రాసుకున్నారు. కణత మీద మరోసారి వేలు పెట్టి చూసి, "ఇంక నాకు పని లేదండి ఇక్కడ" అని గొడుగు తీసుకున్నారు. నా భార్య లేచి నిలబడింది. ఆవిడ టిఫిను క్యారియరు తనే మోసుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళింది.

ఇంటికి కబురు నా భార్యే తీసుకెళ్ళింది. మేనత్త ఒక్క మాటే అడిగిందట, "ఒంటికి వెళ్ళాడా?" అని. వెళ్ళారంటే, "అయితే అన్నం పెట్టు" అందట. చింతకాయ పచ్చడి వేసుకుని రెండుసార్లు పెట్టించుకుందట.

వీపు మానడానికి మూడు నెలలు పట్టింది. పుండు మానిన చోట చర్మం బిగుసుకుపోయి, ఇప్పుడు ఆనుకుందామన్నా కుదరదు. అందుకని నేను ఇంకా నిటారుగానే కూర్చుంటాను. చూసినవాళ్ళు వంశం పట్టు అనుకుంటారు. అనుకోనిస్తాను, ప్రతివాడికీ చెప్పే ఓపిక లేదు.

తాతగారి కథ ఎవరైనా అడిగితే మాత్రం చెబుతాను. కుర్చీ, గడియారం, దొర టోపీ, అన్నీ చెబుతాను. అక్కడ ఆపకుండా మూడో రోజు, తొమ్మిదో రోజు కూడా చెబుతాను. టోపీ అయిపోగానే చాలామంది లేచి చెప్పుల కోసం చూసుకుంటారు. కూర్చోమంటాను.